పాత డిజికామ్ మొరాయిస్తోందా? రిపేర్ షాప్‌కి వెళ్లే ముందు ఇవి చెక్ చేయండి

బీరువా పై అరలోనో, టీవీ స్టాండ్ కింద డ్రాయర్‌లోనో పడి ఉన్న పాత డిజిటల్ కెమెరాలకి మళ్లీ మంచి రోజులొచ్చాయి. ఒకప్పుడు పెళ్లిళ్లకి, తిరుపతి ప్రయాణాలకి, కాలేజీ టూర్లకి మనవాళ్లు తీసుకెళ్లిన కానన్ ఇక్సస్, సోనీ సైబర్‌షాట్, నికాన్ కూల్‌పిక్స్‌లనే ఇప్పుడు ముద్దుగా 'డిజికామ్' అంటున్నాం. ఫోన్ ఫోటోల్లాగా అతి షార్ప్‌గా ఉండవు, ఫ్లాష్ కొడితే పాత ఆల్బమ్ లుక్ వచ్చేస్తుంది. అందుకే సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో కూడా వీటికి గిరాకీ పెరిగింది.

కాకపోతే ఇవి ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని మెషీన్లు. ఆన్ చేయగానే పనిచేస్తే అదృష్టమే. నా దగ్గరికి ఫ్రెండ్సో, కజిన్సో తరచూ ఒక కెమెరా పట్టుకొచ్చి "ఇది చచ్చిపోయినట్టుంది, చూడరా" అంటుంటారు. చాలావాటికి స్క్రూడ్రైవర్ అవసరమే పడలేదు. ఈ ఆర్టికల్‌లో ఆ కామన్ ప్రాబ్లమ్స్ ఏంటి, ఎందుకొస్తాయి, ఇంట్లోనే ఎలా సరిచేసుకోవాలి, ఎక్కడ ఆగిపోవాలి అనేది వరుసగా చూద్దాం.

ముందు డీబగ్ చేసే పద్ధతి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను రోజూ చేసే పని బగ్ ఎక్కడుందో పట్టుకోవడమే. కెమెరాకి కూడా అదే లాజిక్. దాన్ని నాలుగు భాగాలుగా ఊహించుకోండి: పవర్, మెమరీ కార్డ్, లెన్స్, సెన్సర్. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. బ్యాటరీ, కార్డ్ రెండూ ఒకేసారి మార్చేస్తే, పనిచేసినా తప్పు దేనిదో తెలీదు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిన్న ట్రిక్ ఉంది. పవర్ బటన్ బదులు ఫోటోలు చూసే ప్లే బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకోండి. చాలా కాంపాక్ట్ కెమెరాలు లెన్స్ బయటికి రాకుండానే ప్లేబ్యాక్ మోడ్‌లో ఆన్ అవుతాయి. అలా ఆన్ అయి మెనూ కనిపించిందంటే బ్యాటరీ, బోర్డ్, స్క్రీన్ బానే ఉన్నట్టు. తేడా లెన్స్ వైపో, సెన్సర్ వైపో ఉంది. ఒక్క బటన్‌తో సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇంకో రూల్: ముందు ఫోటోలు, తర్వాతే రిపేర్. కెమెరా చేతికి రాగానే కార్డ్ తీసి, కార్డ్ రీడర్‌తో మొత్తం లాప్‌టాప్‌లోకి కాపీ చేసేయండి. కొన్ని కెమెరాల్లో కొద్దిపాటి ఇంటర్నల్ మెమరీ కూడా ఉంటుంది. కార్డ్ తీసేసి ఆన్ చేస్తే అందులోని ఫోటోలు కనిపిస్తాయి. ఎవరూ చూడని ఫోటోలు అక్కడే దొరుకుతుంటాయి, కాబట్టి అది కూడా వదలొద్దు.

1. అస్సలు ఆన్ అవ్వట్లేదు

పెన్సిల్ బ్యాటరీలతో నడిచే కెమెరా అయితే ముందు బ్యాటరీ రకం చూడండి. గోడ గడియారంలో, టీవీ రిమోట్‌లో వేసే మామూలు సెల్స్ వీటికి పనికిరావు. లెన్స్ మోటార్ తిరిగేటప్పుడు, ఫ్లాష్ ఛార్జ్ అయ్యేటప్పుడు కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతుంది. ఆ సెల్స్ అంత ఇవ్వలేవు, వోల్టేజ్ పడిపోతుంది, "చేంజ్ ద బ్యాటరీస్" అని చూపించి కెమెరా ఆగిపోతుంది. కొత్త సెల్స్ వేసినా ఇదే వస్తుంటే కెమెరా పోయిందనుకుంటారు పాపం. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్ వాడండి. వాటి మీద 1.2 వోల్ట్‌లు అని రాసి ఉంటుంది, ఆల్కలైన్ మీద 1.5 ఉంటుంది. నంబర్ తక్కువైనా లోడ్ పడినప్పుడు అవి నిలకడగా ఉంటాయి. కొన్ని కూల్‌పిక్స్ మోడల్స్ మెనూలో బ్యాటరీ టైప్ సెట్టింగ్ కూడా ఉంటుంది, అది కూడా మార్చుకోండి. లేకపోతే మిగిలిన ఛార్జ్ తప్పుగా చూపిస్తుంది.

పాత సెల్స్ లోపలే కారిపోయి, స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పొడి కట్టిందా? ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం. గ్లవ్స్ వేసుకుని, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లకి ఒక్క చుక్క వెనిగరో నిమ్మరసమో అద్ది తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్స్ వేయండి.

లిథియం బ్యాటరీ అయితే ముందు దాన్ని టేబుల్ మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే, లేదా స్లాట్‌లోంచి తీయడానికి ఇబ్బంది పడితే అది ఉబ్బినట్టు. దాన్ని ఛార్జ్ చేయొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. ఉబ్బకుండా ఛార్జ్ మాత్రం ఎక్కకపోతే, ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి సెల్ బాగా దిగిపోయి ఉంటుంది. మోడల్ నంబర్ చూసి కొత్తది తీసుకోవడమే మంచిది. కానన్ ఎన్‌బి-4ఎల్, సోనీ ఎన్‌పి-బిఎన్1, నికాన్ ఈఎన్-ఈఎల్19 లాంటి నంబర్ బ్యాటరీ మీదే ఉంటుంది.

బ్యాటరీ మంచిదే అయినా ఆన్ అవ్వట్లేదంటే బ్యాటరీ డోర్ చూడండి. చాలా మోడల్స్‌లో ఆ డోర్ అంచున ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. డోర్ మూసినప్పుడు అది లోపలి స్విచ్‌ని నొక్కుతుంది. ఫ్రిజ్ తలుపు మూస్తే లైట్ ఆరే స్విచ్ లాంటిదే. ఆ ముక్క విరిగితే కెమెరా 'డోర్ తెరిచే ఉంది' అనుకుని ఆన్ అవ్వదు.

2. ప్రతిసారీ డేట్ అడుగుతోంది

బ్యాటరీ మార్చిన ప్రతిసారీ డేట్, టైమ్ పోతున్నాయంటే లోపలున్న గడియారం బ్యాటరీ దిగిపోయింది. కొన్ని కానన్ పవర్‌షాట్ ఏ సిరీస్ కెమెరాల్లో ఇది విడిగా మార్చుకోగలిగే సిఆర్1220 బటన్ సెల్. మిగతా చాలావాటిలో లోపలే రీఛార్జ్ అయ్యే చిన్న సెల్ ఉంటుంది. ఫుల్ ఛార్జ్ చేసిన బ్యాటరీ వేసి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి, అది నిండుతుంది.

డేట్ ఎందుకు ముఖ్యం అంటే, అది ప్రతి ఫోటో ఫైల్ లోపల రికార్డ్ అవుతుంది. గూగుల్ ఫోటోస్ లాంటి యాప్స్ ఆ డేట్ చూసే ఫోటోల్ని వరుసలో పెడతాయి. డేట్ సెట్ చేయకుండా నిన్న తీసిన ఫోటోలు ఎక్కడో 2008లోకి వెళ్లి కూర్చుంటాయి.

3. లెన్స్ ఎర్రర్

డిజికామ్‌లకి ఇదే పెద్ద గండం. కానన్‌లో "లెన్స్ ఎర్రర్, రీస్టార్ట్ కెమెరా" అనో, ఇంకా పాతవాటిలో "ఈ18" అనో వస్తుంది. సైబర్‌షాట్‌లో "సి:32" తో మొదలయ్యే కోడ్ హార్డ్‌వేర్ సమస్యని చెప్తుంది, "ఈ:61" వస్తే ఫోకస్ దగ్గర ఇబ్బంది.

లోపల జరిగేది ఇది. ఆన్ చేయగానే చిన్న మోటార్, పళ్లచక్రాల సాయంతో లెన్స్ గొట్టాల్ని ఒకదానిలోంచి ఒకటి బయటికి తోస్తుంది. అవి సరైన చోటికి వచ్చాయని సెన్సర్ సిగ్నల్ ఇవ్వాలి. నిర్ణీత టైమ్‌లో సిగ్నల్ రాకపోతే కెమెరా ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మన కోడ్‌లో టైమ్‌అవుట్ పెట్టినట్టే. పళ్లచక్రాల మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు. ఆర్‌కే బీచ్‌కో, సూర్యలంకకో వెళ్లొచ్చాక వచ్చే లెన్స్ ఎర్రర్‌కి ఇసుకే మొదటి అనుమానితుడు.

ఈ వరుసలో ట్రై చేయండి:

- బ్యాటరీ, కార్డ్ రెండూ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ మాత్రమే వేసి ఆన్ చేయండి. ఛార్జ్ తక్కువైతే మోటార్‌కి బలం సరిపోక కూడా ఈ ఎర్రర్ వస్తుంది.
- లెన్స్ బయటికొచ్చి ఆగిపోయి ఉంటే, కెమెరాని లెన్స్ కిందికి ఉండేలా పట్టుకుని, గొట్టాల మధ్య సందుల్లో మెత్తని బ్రష్‌తో దులపండి. రబ్బర్ బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదొద్దు, తడి లోపలికి పోతుంది. నూనె, స్ప్రేలు అస్సలు వద్దు.
- లెన్స్ కిందికి ఉంచే ఆన్, ఆఫ్ చేసి చూడండి. గురుత్వాకర్షణ కాస్త సాయం చేస్తుంది, రేణువు ఉంటే జారి పడే ఛాన్స్ ఉంటుంది.
- కిందపడి లెన్స్ ఒక పక్కకి వంగినట్టుందా? ఆన్ చేస్తూ వంగిన వైపు వేలితో మెల్లగా సరిచేయొచ్చు. ఇది ఆఖరి ప్రయత్నం. కెమెరా మీద ఆశ వదులుకున్నాకే చేయండి, ఎందుకంటే బలం ఎక్కువైతే పళ్లు విరిగిపోతాయి.

మళ్లీ రాకుండా ఉండాలంటే ప్యాంట్ జేబులో విడిగా పెట్టుకోకండి. జేబులో పవర్ బటన్ నొక్కుకుంటే లెన్స్ బయటికి రాలేక గుడ్డకి తన్నుకుంటుంది. ఒక చిన్న పౌచ్, చేతికి తాడు ఉంటే చాలు.

4. మెమరీ కార్డ్ గొడవలు

"కార్డ్ లాక్డ్" అని వస్తే కార్డ్ ఎడమ అంచున ఉన్న బుల్లి స్లైడర్ కిందికి జారింది, పైకి తోయండి అంతే. "కార్డ్ ఎర్రర్" అని వస్తే ముందు కార్డ్ రకం చూడాలి.

మామూలు ఎస్‌డి కార్డులు 2 జీబీ వరకే. అంతకు మించి 32 జీబీ వరకు ఎస్‌డిహెచ్‌సి, ఈ స్టాండర్డ్ 2006లో వచ్చింది. 32 జీబీ దాటితే ఎస్‌డిఎక్స్‌సి, ఇది 2009 నాటిది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో కూడా పడతాయి. కానీ 2005లో తయారైన కెమెరాకి 32 జీబీ కార్డ్ అంటే ఏంటో తెలీదు. స్లాట్ దగ్గర ఏ లోగో ఉందో చూసి కొనండి. ఇక 2010కి ముందు సైబర్‌షాట్‌లకి సోనీ సొంత మెమరీ స్టిక్ కావాలి. అప్పటి ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ మోడల్స్ చాలావాటికి ఎక్స్‌డి కార్డ్ కావాలి. కెమెరా చవగ్గా వచ్చిందని కొని, కార్డ్ కోసం ఊరంతా తిరిగే పరిస్థితి తెచ్చుకోకండి.

ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే కార్డ్‌ల్లో నకిలీలు ఉంటాయి. పైన 32 జీబీ అని రాసుంటుంది, లోపల దానిలో కొంచెమే ఉంటుంది. అది నిండాక తీసిన ఫోటోలు తెరుచుకోవు. కొత్త కార్డ్ రాగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఫ్రీ టూల్స్‌తో టెస్ట్ చేయండి. అవి కార్డ్ మొత్తం డేటాతో నింపి, తిరిగి చదివి అసలు సైజ్ చెప్పేస్తాయి.

"నేమింగ్ ఎర్రర్" వస్తే కంగారు పడకండి. ఫోల్డర్ నంబర్ 999కి, ఫైల్ నంబర్ 9999కి చేరితే కెమెరా దగ్గర ఇక పేర్లు అయిపోయాయని అర్థం. ఫోటోలు కాపీ చేసుకుని, మెనూలో ఫైల్ నంబరింగ్ రీసెట్ చేసి, కార్డ్ ఫార్మాట్ చేయండి. అలాగే కంప్యూటర్‌లో పేరు మార్చినవి, ఎడిట్ చేసిన ఫోటోలు కార్డ్‌లో వేస్తే చాలా కెమెరాలు చూపించవు. ఫోల్డర్, ఫైల్ పేర్లు ఇలాగే ఉండాలని కెమెరాల మధ్య ఒక స్టాండర్డ్ ఉంది, దాన్ని దాటితే అవి పట్టించుకోవు.

5. ఫోటోలు పోయాయి, తిరిగొస్తాయా?

మా పిన్ని వాళ్ల కార్డ్‌ని లాప్‌టాప్‌లో పెట్టగానే "ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. అందులో తాతయ్య షష్టిపూర్తి ఫోటోలున్నాయి. వేరే కాపీ ఎక్కడా లేదు. పిన్ని "ఎస్ కొట్టమంటావా?" అంటే "ఏమీ నొక్కకు పిన్నీ, కార్డ్ తీసి పక్కన పెట్టు" అన్నాను. మీ విషయంలోనూ మొదటి పని అదే: ఆ కార్డ్‌లో ఒక్క కొత్త ఫోటో కూడా తీయకూడదు.

ఎందుకంటే డిలీట్ చేసినా, ఫైల్ టేబుల్ పాడైనా ఫోటో డేటా వెంటనే చెరిగిపోదు. పుస్తకంలో విషయసూచిక పేజీ చిరిగిపోయినా లోపలి పాఠాలు ఉన్నట్టే. కానీ ఆ ఖాళీ అనుకున్న చోట కొత్త ఫోటో పడిందంటే పాతది శాశ్వతంగా పోతుంది.

నేను వాడేది ఫోటోరెక్ అనే ఫ్రీ, ఓపెన్ సోర్స్ టూల్. ఇది ఫైల్ టేబుల్‌ని నమ్ముకోదు. ప్రతి జేపెగ్ ఫోటో మొదట్లో ఒకే రకమైన బైట్స్ ఉంటాయి కదా, వాటిని కార్డ్ అంతా వెతికి అక్కడ్నుంచి ఫోటోని బయటికి తీస్తుంది. రెండు జాగ్రత్తలు. ఒకటి, ముందు కార్డ్ మొత్తానికి ఒక ఇమేజ్ కాపీ తీసి, దాని మీదే ఫోటోరెక్ నడపండి. పాడవుతున్న కార్డ్‌ని పదేపదే చదివితే ఉన్నది కూడా పోవచ్చు. రెండు, వచ్చిన ఫైళ్లని అదే కార్డ్‌లో కాకుండా లాప్‌టాప్‌లో సేవ్ చేయండి. పాత ఫైల్ పేర్లు రావు, ఆ బాధ పెట్టుకోకండి.

పిన్ని కార్డ్ నుంచి చాలావరకు వచ్చాయి. కొన్ని సగం వరకు బాగుండి కింద బూడిద రంగులో ఆగిపోయాయి. ఫైల్ ముక్కలు కార్డ్‌లో వేర్వేరు చోట్ల పడినప్పుడు ఇలా జరుగుతుంది. అమ్మమ్మ అక్షింతలు వేస్తూ నవ్వుతున్న ఫోటో మాత్రం పూర్తిగా వచ్చింది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. పిన్ని దాన్ని ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. కానన్ మెనూలో "లో లెవెల్ ఫార్మాట్" అని ఉంటుంది. అది మామూలు ఫార్మాట్ కాదు, డేటాని నిజంగానే చెరిపేస్తుంది. కార్డ్‌లో పనికొచ్చే ఫోటోలు ఉన్నాయన్న అనుమానం ఉన్నా దాని జోలికి వెళ్లొద్దు.

6. కంప్యూటర్‌కి పెడితే కనిపించట్లేదు

ముందు కేబుల్ మార్చండి. మినీ యూఎస్‌బీ కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, లోపల డేటా తీగలే ఉండవు. కేబుల్ బాగున్నా కానన్ లాంటి కెమెరాలు పెన్‌డ్రైవ్‌లా డ్రైవ్ లెటర్‌తో కనిపించవు. అవి పీటీపీ అనే పద్ధతిలో కనెక్ట్ అవుతాయి. విండోస్‌లో 'దిస్ పీసీ' కింద కెమెరా బొమ్మ కోసం చూడండి. అన్నిటికంటే సులువు టైప్-సి కార్డ్ రీడర్. ఫోన్‌కే తగిలించి, ఫైల్స్ యాప్‌లో డీసీఐఎం ఫోల్డర్ తెరిస్తే చాలు, ఇన్‌స్టాలో అప్పుడే పెట్టేసుకోవచ్చు.

7. ఫోటోలన్నీ బ్లర్ వస్తున్నాయి

ఇందులో చాలాసార్లు కెమెరా తప్పు ఉండదు, మన ఫోన్ అలవాటే కారణం. ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి, కలిపి, సరిచేసి ఇస్తుంది. డిజికామ్ తీసేది ఒక్కటే ఫ్రేము. షటర్ బటన్ సగం నొక్కి ఆగండి. ఆకుపచ్చ బాక్స్, బీప్ వచ్చాక పూర్తిగా నొక్కండి. పువ్వుల్లాంటి దగ్గరి వస్తువులకి మాక్రో మోడ్, అంటే పువ్వు గుర్తు పెట్టుకోవాలి. తర్వాత అది తీసేయడం మర్చిపోతే దూరంగా ఉన్నవి మసకగా వస్తాయి.

రాత్రిపూట జూమ్ చేయకండి. మామూలు కాంపాక్ట్ లెన్స్ వైడ్‌లో ఎఫ్/2.8 ఉంటే, ఫుల్ జూమ్‌లో ఎఫ్/5.9 దాకా పోతుంది. అంటే లోపలికొచ్చే వెలుగు నాలుగో వంతు కంటే తక్కువైపోతుంది. షటర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి, చేయి వణికితే బ్లర్. జూమ్ బదులు రెండడుగులు ముందుకెయ్యండి. ఫ్లాష్ కూడా కొన్ని మీటర్ల వరకే పనిచేస్తుంది, స్టేజ్ మీదున్న హీరోకి అందదు.

8. మచ్చలు, గీతలు, ఊదా రంగు

- ఫ్లాష్ ఫోటోల్లో తెల్లని గుండ్రని చుక్కలు: దెయ్యాలు కావు, గాలిలో దుమ్మో తుంపరో. లెన్స్‌కి దగ్గరున్న రేణువు మీద ఫ్లాష్ పడి మెరుస్తుంది. ఫ్లాష్ లేకుండా తీస్తే పోతే కెమెరా బాగున్నట్టే.
- ప్రతి ఫోటోలో ఒకే చోట నల్లని మరక: ఆకాశాన్ని జూమ్ చేసి తీయండి, ఇంకా స్పష్టంగా కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము. కాంపాక్ట్‌లో విప్పకుండా ఇది పోదు.
- లైట్ల దగ్గర స్క్రీన్ మీద నిలువు గీత: సీసీడీ సెన్సర్ల సహజ గుణం, స్మియర్ అంటారు. వీడియోలో వస్తుంది. ఫోటోలో సాధారణంగా రాదు, ఎందుకంటే అప్పుడు మెకానికల్ షటర్ మూసుకుని వెలుగుని ఆపేస్తుంది.
- మెనూ బానే ఉంది, లెన్స్ నుంచి మాత్రం నలుపే: షటర్ రెక్కలు ఇరుక్కుని ఉండొచ్చు, లేదా సెన్సర్ పోయి ఉండొచ్చు.
- బొమ్మ అంతా ఊదాగా, గీతలుగా: 2005లో సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సర్లలో లోపం బయటపడింది. వేడి, తేమ ఎక్కువున్న చోట లోపలి కనెక్షన్లు ఊడిపోయేవి. ఆ సెన్సర్లు వేరే బ్రాండ్ కెమెరాల్లో కూడా ఉండటంతో చాలా కంపెనీలు అప్పట్లో ఉచితంగా రిపేర్ చేశాయి. 2002–2004 కాలం నాటి కెమెరా కొంటుంటే ఇది తప్పకుండా చూసుకోండి.
- పొగమంచులా మసక: ఏసీ కారులోంచి ఉక్కపోతలోకి రాగానే చల్లని లెన్స్ మీద తేమ పడుతుంది. తుడవకండి. బయటికి తెచ్చే ముందే జిప్ కవర్‌లో పెట్టి, అరగంట ఆగి తీయండి.

తడిసిన కెమెరాని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మానేయండి. బియ్యప్పొడి లెన్స్ గొట్టాల్లోకి పోతుంది. బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ ప్యాకెట్లతో గాలి చొరని డబ్బాలో రెండు మూడు రోజులు ఉంచండి.

ఎక్కడ ఆగాలి?

యూట్యూబ్ చూసి కెమెరా విప్పొద్దు, ఇది సీరియస్‌గా చెప్తున్నా. లోపల ఫ్లాష్ కెపాసిటర్ 300 వోల్ట్‌ల దాకా ఛార్జ్ దాచుకుంటుంది. బ్యాటరీ తీసేసిన తర్వాత కూడా అది అలాగే ఉండొచ్చు. తెలియక వేలు తగిలితే గట్టి షాక్ కొడుతుంది. లెన్స్ యూనిట్, షటర్, సెన్సర్ పనులు అనుభవమున్న మెకానిక్‌కే వదిలేయండి. వీటికి కొత్త స్పేర్ పార్ట్స్ దొరకడం కష్టం, చాలాసార్లు అదే మోడల్ పాడైన కెమెరా నుంచి పార్ట్ తీసి వేస్తారు. కాబట్టి ముందే ఎంతవుతుందో అడగండి. అదే మోడల్ పనిచేసేది అంతకంటే తక్కువకి దొరుకుతుంటే రిపేర్ దండగ. ఆ కెమెరా నాన్నదో, అక్కదో అయితే ఆ లెక్క వేరు, అది మీ ఇష్టం.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు రెండు నిమిషాల టెస్ట్

మీ సొంత కార్డ్ తీసుకెళ్లండి. ఆన్, ఆఫ్ ఐదుసార్లు చేయండి, లెన్స్ చప్పుడు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. జూమ్ చివరి దాకా వెళ్లి రావాలి. ఫ్లాష్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీయండి. తెల్లని గోడని ఫుల్ జూమ్‌లో తీసి మరకలు చూడండి. బ్యాటరీ డోర్ గట్టిగా పడుతోందా, స్ప్రింగులు శుభ్రంగా ఉన్నాయా, ఛార్జర్ ఇస్తున్నారా అడగండి. తీసిన ఫోటోల్ని అక్కడే కార్డ్ రీడర్‌తో మీ ఫోన్‌లో పెద్దగా చేసి చూడండి, కెమెరా బుల్లి స్క్రీన్ మీద అన్నీ అందంగానే కనిపిస్తాయి. అమ్మేవాళ్లు "బ్యాటరీ లేదు, కానీ పనిచేస్తుంది" అంటే మాత్రం, పనిచేయదు అనే రేటుకే బేరమాడండి.